ఆషాఢం సేల్‌లో మూడో చీర

వేల్పూర్ చేలల్లో పసుపు నాట్లు పడుతున్నయి. విత్తనం, ఎరువు, కూలీ.. అన్నిటికీ పైసలు పోయే నెల ఇది. అయినా ఆర్మూర్ బస్సు కిక్కిరిసి ఉంది. మీ పక్క సీట్లో వదినె, మరదలు. మరదలి కొంగు ముడిలో బీడీలు చుట్టి సంపాదించిన 500 రూపాయల నోటు. బోనాలకు ఒక్క చీర కొనాలని బయల్దేరింది.

వాళ్ల వెనకే దుకాణానికి రండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గిరాకీ తక్కువ. శ్రావణానికి కొత్త సరుకు దించాలంటే పాతది కదలాలి. అందుకే ఈ సేల్. గుమ్మం మీద ‘50% తగ్గింపు’ అని మనిషెత్తు అక్షరాలు. మధ్యలో ‘వరకు’ అన్న మాట దగ్గరికి పోతే గాని కనపడదు.

లోపల తెల్ల పరుపు మీద చీరలు గుట్టగా పడుతున్నయి. మొదటి నాలుగింటిని మరదలు అంచు పట్టి చూసింది, జరీ మీద గోరుతో గీసింది. ఇరవై దాటినంక చేత్తో పక్కకు నెడుతోంది.

“వదినె, గిదా? గదా?”

“ఏమో పిల్లా, అన్నీ ఒక్క తీరే ఉన్నయ్.”

దుకాణం పిల్లగాడు ముందుకు వంగాడు. “ఒక్కటైతే 450, అక్కా. మూడు తీసుకోండ్రి, 999కే ఇస్తా. 351 మిగుల్తది.”

ఒక్కసారిగా తికమక తీరిపోయింది. ఏది నచ్చిందో తేల్చుకునే పనే లేదు! వదినె 500 బదులిచ్చింది. మరదలు రెండు చీరలు చూసి తీసుకుంది, మూడోది లెక్క కోసం తీసుకుంది. 351 మిగిలిందన్న సంతోషంలో, తెచ్చుకున్నదానికంటే 499 ఎక్కువైందన్న సంగతి, అదీ అప్పు చేసి, మరుగున పడింది.

కాలిఫోర్నియాలోనూ ఇలాంటి తికమకే కనిపించింది. పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో, 24 రకాల జామ్ పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్లలో 3 శాతం మందే కొన్నారు. 6 రకాలే పెడితే 30 శాతం మంది కొన్నారు. తర్వాతి ప్రయోగాల్లో ప్రతిసారీ ఇలాగే తేలలేదు. తమకేం కావాలో ముందే తెలిసినవాళ్లను రకాలు ఎన్నున్నా అంతగా తికమక పెట్టవు.

మన రక్షణ అక్కడే ఉంది. ఆఫర్ మన అవసరాన్ని అడగదు, వదులుకుంటే ఎంత పోతుందో చెప్పి భయపెడుతుంది. అలసిన మనసు ఆ భయానికే లొంగుతుంది. బీడీ ఆకు కత్తిరించి, చుట్టి, దారం కట్టి సంపాదించిన రూపాయిని అలా పోనివ్వొద్దు. ఏం కొనాలి, ఎంతలో కొనాలి అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. దుకాణంలో ఐదారు రకాలు చూడగానే చాలనండి. ఎంత మిగిలిందని కాదు, చేతి నుంచి ఎంత పోతోందో లెక్క వేయండి. అక్కర లేనిది సగం ధరకు కొన్నా, ఆ సగం నష్టమే.