సంస్థానసీమలో ప్రశ్నామర్యాద

ప్రయాణమై గడప దాటుచున్నవానిని "యాడికి?" అని అడుగరాదన్నది తెలుగునాట అంతటను ఉన్న ఆచారమే. కాని కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డలోను, కృష్ణకు ఆవలి వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలోను పెద్దల మాటతీరును విన్నవారికి, ఆ నిషేధము శకునభీతితో ఆగిపోక అడుగుటయందే ఒక శిక్షణగా పరిణమించినదని తోచకమానదు. ఇంటి పెద్ద "దూరం పోతున్నరా?" అని మాత్రమే అడుగును. చెప్పదలచినవాడు ఊరి పేరు చెప్పును, చెప్పనొల్లనివాడు "ఈడిదాంకనే" అని సాగిపోవును. ఇరువురిలో ఎవరి గౌరవమునకును లోటు రాదు. క్రొత్తవాని ఊరు తెలిసికొనగోరినవాడు "మనదే ఊరు?" అని, ఎదుటివాని ఊరిని తనదిగా కలుపుకొని పలుకును. ఇంగ్లీషు బోధకులు మర్యాదగా, పరోక్షముగా ప్రశ్నించుటను ఒక నూతన విద్యవలె నేర్పుచున్న ఈ కాలమున, ఆ విద్య ఈ సీమకు క్రొత్తది కాదనియు, బడిలో అది కష్టమగుటకు కారణము మన భాషయందుగాక బోధనామార్గమునందున్నదనియు చెప్పవలసియున్నది.

సంస్థానముల కాలమున ఈ మర్యాదకు ఆస్థానములే ప్రధానవిద్యాలయములు. పెద సోమభూపాలుడు కట్టించిన కోటలో, చెన్నకేశవస్వామి సన్నిధిని, ఏటేట పండితులు కూడుచుండుటచేత గద్వాలకు విద్వద్గద్వాలయని పేరు వచ్చినది. సూగూరు సంస్థానమని పూర్వము పేరొందిన వనపర్తియు పండితపోషణలో పేరుగన్నదే. తిరుపతి వేంకటకవులవంటి అవధానులు సైతము ఈ సంస్థానముల గడపలు త్రొక్కినవారు. దూరదేశమునుండి వచ్చిన పండితుడు తనకు రావలసిన వార్షికమును గూర్చి "ఎప్పుడిత్తురు?" అని అడుగుట ఔచిత్యము కాదు, "ప్రభువులవారి చిత్తమెట్లున్నదో తెలిసికొనగోరుచున్నాను" అని విన్నవించుటయే మర్యాద. ప్రశ్న సూటిగా పోయి ప్రభువును తాకదు. తెలిసికొనవలెనను కోరికలో ఒదిగి, సమాధానమిచ్చుటయో ఈయకుండుటయో ప్రభువు ఇచ్ఛకే విడిచిపెట్టును.

ఈ సంస్థానములు నిజాముకు పేష్కషు చెల్లించునవి. నాగర్‌కర్నూలో, నేరుగ ప్రభుత్వపాలనలోనుండి, జిల్లా కచేరి పాలమూరికి తరలుటకు పూర్వము కొంతకాలము జిల్లాకేంద్రముగా వెలసినది. అక్కడి వ్యవహారము తొలుత పారసీకమున, 1880 ప్రాంతములనుండి ఉరుదూలో జరుగుచుండుటచేత, అర్జీ వ్రాయువాని కలమునుండి ఆ భాషల వినయము రైతు నోటికిని దిగినది. గద్వాల బజారులో, నూలు చీరకు పట్టు అంచును పట్టు కొంగును అతికి నేసిన ఆ ప్రసిద్ధవస్త్రమును చేతబట్టి, "ఈ చీర ఎంత పడ్తదో జర చెప్తరా?" అను ఇల్లాలి వాక్యమును చూడుడు. ధర ఎంతయను ప్రశ్న "పడ్తదో" అను ఓకారములో అణగియున్నది. చెప్పుట సేటు దయయని "చెప్తరా" తెలుపుచున్నది. ఉరుదూనుండి వచ్చిన "జర" ఆ అడుగుటను ఇంకను మెత్తపరచినది. పరోక్షప్రశ్నకు వలయు అంగములన్నియు ఆ ఒక్క వాక్యమున కుదిరియున్నవి.

ఇంగ్లీషు ఈ సీమకు ఆలస్యముగా, అదియు కొద్దిమందికే వచ్చినది. 1887లో వెలసిన నిజాం కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబద్ధమై ఇంగ్లీషున బోధించుచుండగా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉరుదూను బోధనాభాషగా గైకొని ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యముగా నిలిపినది. గద్వాల ప్రాంతపు బోరవెల్లిలో 1896లో జన్మించి, హైదరాబాదునను మదరాసునను చదివి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డిగారివంటివారు తెలుగు, సంస్కృతము, ఉరుదూ, ఇంగ్లీషులను సమముగా సాధించిరి, అట్టివారు అరుదు. సామాన్యబాలునికి ఇంగ్లీషు ఉరుదూ తెర చాటుననే కానవచ్చెడిది. అతడు నేర్చిన మర్యాదయెల్ల అర్జీ మొదట "ఐ బెగ్ టు స్టేట్" అనియు, చివర "యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్" అనియు వ్రాయుటయే. ఆ రెంటి నడుమ మనిషితో మనిషి మాటలాడు ఇంగ్లీషు లేదు.

ఆ తరువాత, 1935నాటి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణము బడిబడికిని చేరినది. దానియెడ నాకు గౌరవమున్నది. తరముల వారికి అది వాక్యశుద్ధిని నేర్పినది. కాని దాని వెంట మన బడులలో స్థిరపడిన పద్ధతిలో, ప్రశ్నను మఱొక వాక్యములో పొదుగుట "డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్ స్పీచ్" అను అభ్యాసముగా, ఎవడో ఎవనినో అడిగినదానిని తిరిగి చెప్పుటగానే మిగిలినది. ఆ వాక్యమే అపరిచితుని యెదుట వినయమై ఉపకరించునని చెప్పువారు కఱవైరి. పరీక్షలో ఆ మార్పులన్నియు తప్పులేకుండ చేసిన విద్యార్థి, పట్నమున దారి అడుగవలసివచ్చినపుడు, "కెన్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద బస్టాండ్?" అనును.

ఈ తప్పు ఎట్లు పుట్టినదో విచారింపదగినది. తెలుగున ప్రశ్నయైనను క్రియ తన తావు విడువదు. ఇంగ్లీషున సూటిప్రశ్నలో క్రియ కర్తకు ముందునకు వచ్చును. ఈ తలక్రిందుమార్పును బాలుడు ఏండ్ల తరబడి కష్టించి నేర్చును. ప్రశ్న మఱొక వాక్యములో ఒదిగినంతనే క్రియ మరల కర్త వెనుకకు పోవలె: "కుడ్ యూ టెల్ మీ వేర్ ద బస్టాండ్ ఈజ్?" కష్టపడి నేర్చినదానిని విడుచుటకు మనసొప్పక అతడు తడబడును. నిజమునకు ఈ రెండవ వాక్యమే తెలుగుకు చేరువ. "బస్టాండు ఏడుందో" అన్నచో బస్టాండు ముందు, ఉండుట వెనుక. అట్లే "బస్సు వస్తదో రాదో" అనుదానికి ఇంగ్లీషున "వెదర్" అను చిన్నమాట చాలును. బోధకుడు గద్వాల బజారులోని ఆ చీర వాక్యమును నల్లబల్లపై వ్రాసి, దాని ప్రక్కన "కుడ్ యూ టెల్ మీ హౌ మచ్ దిస్ శారీ కాస్ట్స్?" అని వ్రాసినచో పాఠము సగము పూర్తియైనట్లే. మాతృభాషను తరగతినుండి వెలివేసి ఇంగ్లీషు నేర్పవలెనను పట్టుదల ఈ సులువైన త్రోవను మూసివేసినది.

ఈ కథలో వనపర్తికి మఱొక చోటును గలదు. 1949లో జాగీర్లు రద్దైన పిమ్మట, సంస్థానవంశీయుడైన రాజా రామేశ్వరరావుగారు దౌత్యోద్యోగమును, లోకసభాసభ్యత్వమును నెరపి, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణసంస్థకు అధిపతియైరి. ఇంగ్లీషు పాఠ్యగ్రంథముల ప్రచురణలో ఆ సంస్థ పేరు మోసినది. ఆయన భార్య శాంతా రామేశ్వరరావుగారు ఇంగ్లీషున బాలసాహిత్యము రచించి, హైదరాబాదున విద్యారణ్య పాఠశాలను నెలకొల్పిరి. 1958లో హైదరాబాదున ఇంగ్లీషు బోధకుల శిక్షణకై కేంద్రసంస్థ యేర్పడగా, మఱుసటి యేటనే వనపర్తి రాజప్రాసాదము పాలిటెక్నిక్ కళాశాలయై, రైతుబిడ్డలు ఇంగ్లీషున యంత్రశాస్త్రము చదువసాగిరి. ఉద్యోగపరీక్షకు పోయిన ఆ బిడ్డలు ప్రశ్నలకు బదులు చెప్పుటను సాధించిరి గాని, తాము ఎదుటివారిని వినయముగా ప్రశ్నించుటను ఎవరును వారికి నేర్పలేదు.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. సోమవారమునాటి ప్రజావాణికి రైతు తెచ్చు అర్జీలో నేటికిని "నా దరఖాస్తు ఏ దశలో నున్నదో తెలుపగలరని మనవి" అను వాక్యము కానవచ్చును. ఆ రైతు కుమారుడు విదేశమందలి విశ్వవిద్యాలయమునకు "ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ లెట్ మీ నో వాట్ స్టేజ్ మై అప్లికేషన్ హాజ్ రీచ్డ్" అని వ్రాయవలసివచ్చినపుడు, వాక్యపు అమరిక కొఱకు తండ్రి అర్జీని ఒకమాఱు చూచుకొనిన చాలును.