ఫోస్టర్ కేర్‌లో పెంపకం నాణ్యత

కన్నవారి దగ్గర ఉండలేని పిల్లల్ని ప్రభుత్వ పర్యవేక్షణలో కొంతకాలం మరో కుటుంబానికి అప్పగించడాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. దత్తతలో లాగా బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటివాడైపోడు. ఆ ఇంట్లో పెంపకం ఎలా సాగుతోందన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

అమెరికాలో చార్లెస్ లోరింగ్ బ్రేస్ 1853లో చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీని నెలకొల్పాడు. ఆ సంస్థ మొదలుపెట్టగా 1854 నుంచి 1929 దాకా నడిచిన ‘అనాథ రైళ్లు’ సుమారు 2 లక్షల మంది పిల్లల్ని నగరాల నుంచి పల్లెలకు చేర్చాయి. వాళ్లలో కన్నవారు బతికే ఉన్నవాళ్లూ ఉన్నారు. రైలు దిగిన పిల్లల్ని ఊరివాళ్లు చూసి ఎంచుకునేవారు. పొలం పనికి అక్కరకొస్తారనే చాలామంది తీసుకెళ్లారు.

బ్రిటన్‌లో మార్పు ఒక చావుతో మొదలైంది. 1945 జనవరిలో ష్రాప్‌షైర్‌లో 12 ఏళ్ల డెనిస్ ఓనీల్ తనను ఉంచిన ఇంట్లోనే దెబ్బలకు, ఆకలికి బలయ్యాడు. అధికారుల తనిఖీ ఎంత లోపభూయిష్ఠమో విచారణలో బయటపడింది. పిల్లల సంరక్షణపై ప్రభుత్వం వేసిన కర్టిస్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. 1948 బాలల చట్టం స్థానిక సంస్థల్లో పిల్లల కోసం ప్రత్యేక అధికారులను నియమించేలా చేసింది.

తనిఖీ వల్ల క్రూరత్వం బయటపడొచ్చు గాని, పెంచడం రాదు. దెబ్బతిన్న పిల్లలు ముద్దుచేయబోతే తోసేస్తారు, అర్ధరాత్రి అరుస్తారు. మామూలు ఇళ్లలో పనికొచ్చిన మందలింపు వాళ్ల దగ్గర బెడిసికొడుతుంది. 1983లో అమెరికాలోని ఆరెగాన్‌లో పెట్రీషియా చాంబర్లెయిన్ బృందం పెంచేవారికే శిక్షణ ఇచ్చి, రోజూ ఫోన్ చేసి ఆ రోజు బిడ్డ తీరు ఎలా ఉందో కనుక్కునే పద్ధతి తెచ్చింది. దాని సరళ రూపమైన ‘కీప్’ను శాన్ డియేగోలో 700 కుటుంబాలతో పరీక్షించారు: 16 వారాల బృంద శిక్షణ పొందినవారి ఇళ్లలో పిల్లల మొండితనం తగ్గింది. డెలవేర్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ డోజియర్ పసిపిల్లల్ని పెంచేవారి కోసం 10 సార్లు ఇంటికెళ్లి నేర్పే ‘ఏబీసీ’ని రూపొందించింది. బిడ్డ దూరం నెట్టినా అతని అవసరాన్ని గుర్తించడమే అందులో కీలకం. శిక్షకురాలు పక్కనే కూర్చుని, జరుగుతున్నది జరుగుతుండగానే చెబుతుంది.

ఈలోగా అమెరికాలో భద్రత పేరిట నిబంధనలు పేరుకుపోయాయి. స్నేహితుడి ఇంట్లో ఒక రాత్రి పడుకోవాలన్నా, బడి విహారయాత్రకు వెళ్లాలన్నా పెంచేవారి మాట చాలేది కాదు. ఫ్లోరిడాలో 2008లో మొదలైన ‘క్వాలిటీ పేరెంటింగ్ ఇనీషియేటివ్’ ఫోస్టర్ తల్లిదండ్రుల్ని ప్రభుత్వానికి భాగస్వాములుగా చూడాలంది. 2013లో ఆ రాష్ట్రం, 2014లో ఫెడరల్ ప్రభుత్వం చట్టాలు చేశాయి. వివేకం గల తల్లి లేక తండ్రి తీసుకునే పాటి రోజువారీ నిర్ణయాలు ఇక ఆ ఇంటివారివే అయ్యాయి.