షెడ్యూలర్ ఎక్కడ ఆగాలి?

2019 జూలైలో అమెజాన్ బహ్రెయిన్‌లో తన క్లౌడ్ రీజియన్‌ను తెరిచింది. మధ్యప్రాచ్యంలో ఆ సంస్థకు అదే మొదటిది. మనామాలో సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్లకు అద్దె యంత్రం గుమ్మంలోకి వచ్చినట్టయింది. క్లౌడ్‌లో లినక్స్ యంత్రానికి సాధారణంగా సెకన్ల లెక్కన అద్దె. రాసిన కోడ్‌ను యంత్రపు ఆదేశాలుగా మార్చే కంపైలర్ ఎంతసేపు తంటాలు పడితే బిల్లు అంత. ఆ తంటాలకు హద్దు గీయాలన్న ఆలోచన మాత్రం ఎనభైలనాటిది.

మెమరీ నుంచి విలువ వచ్చేదాకా ప్రాసెసర్ ఆగాలి. అన్నం ఉడికేలోగా కూర తరుక్కున్నట్టు, ఆ ఖాళీలో సంబంధం లేని మరో ఆదేశాన్ని నడిపించాలి. కంపైలర్‌లోని షెడ్యూలర్ ఈ వరుసను తేల్చే పనే ఇన్‌స్ట్రక్షన్ షెడ్యూలింగ్. అత్యుత్తమ వరుసే కావాలని పట్టుబడితే లెక్క అదుపు తప్పుతుందని 1983లో హెన్నెసీ, గ్రాస్ చూపించారు. వాళ్ల ఉజ్జాయింపు పద్ధతికీ, మరీ చిక్కు కోడ్ తగిలితే, ఆదేశాల సంఖ్య నాలుగో ఘాతమంత పని పడేది. 1986లో గిబ్బన్స్, మచ్నిక్ దాన్ని వర్గానికి దించారు.

లూపుల దగ్గర కథ ముదిరింది. ఒక చుట్టు ముగియకముందే తర్వాతి చుట్టును మొదలుపెట్టాలి. అందుకోసం ఒకచోట వేసిన ఆదేశాన్ని పీకి ఇంకోచోట వేయాలి, అది మరొకదాన్ని కదుపుతుంది. మద్రాస్ ఐఐటీలో చదివి హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలలో పనిచేసిన బి. రామకృష్ణ రావు 1994లో ఈ పీకులాటకు బడ్జెట్ పెట్టారు. లూపులో ఉన్న ఆదేశాలకు ఇన్ని రెట్లు ప్రయత్నాలు, అంతే. అవి అయిపోతే చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడాన్ని ఒక సైకిల్ పెంచి మళ్లీ మొదలు. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని నాకనిపిస్తుంది: వదిలేయడం కూడా పద్ధతిలో భాగమైంది.

పట్టు వదలనివాళ్లూ ఉన్నారు. 2000లో విల్కెన్, ల్యూ, హెఫర్నన్ జీసీసీ అనే కంపైలర్‌లో పూర్ణాంక ప్రోగ్రామింగ్‌ను చేర్చి, వెయ్యి ఆదేశాల దాకా ఉన్న బ్లాకులకూ అత్యుత్తమ వరుస సాధించారు. మొత్తం కంపైల్ సమయం 14 శాతమే పెరిగింది. కాకపోతే వాళ్లు ఎంచుకున్న ప్రాసెసర్ ఒకసారికి ఒకే ఆదేశాన్ని నడిపేది.

నిజానికి వరుస వెతకకముందే సమయం హరించుకుపోవచ్చు. మెమరీలో రాసే ప్రతి ఆదేశాన్నీ చదివే ప్రతిదానితో పోల్చి, ఏది దేనిమీద ఆధారపడిందో ముందు తేల్చాలి. మనిషి రాసిన కోడ్‌లో ఇది పెద్ద భారం కాదు. మరో ప్రోగ్రాము ఉత్పత్తి చేసిన కోడ్‌లో మలుపే లేకుండా వేల ఆదేశాలు బారుగా వస్తాయి. జంటలు లక్షల్లోకి వెళతాయి. అందుకే మరో కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎం వెయ్యి దగ్గర గీత గీసింది. మెమరీ ఆదేశాల జాబితా అంతకు చేరితే, ఒకదాన్ని అడ్డుగోడగా నిలిపి, జాబితాను సగానికి కోస్తుంది. గోడ దాటి ఆదేశాలు అటూఇటూ జరగలేవు. కోడ్ తప్పు కాదు, కాస్త నెమ్మదిస్తుంది. ఆ నష్టం ఎవరి కంటా పడదు.

జీసీసీలో ఇలాంటి జాబితాకు హద్దు 32. నడవడానికి సిద్ధంగా ఉన్నవాటిలో ఒకసారికి పరిశీలించేవి, మొదటి విడతలో, 100. ఇవి సిద్ధాంతం ఇచ్చిన అంకెలు కావు, అనుభవంతో వేసిన అంచనాలు. కావాలంటే ఎవరైనా మార్చుకోవచ్చు; రెండో హద్దును పెంచితే కంపైల్ సమయం పెరుగుతుందని, ఫలితం బహుశా కొంచెమేనని జీసీసీ మాన్యువలే చెబుతుంది.