ముజఫర్ షరీఫ్ ప్రయోగం: ఒక పరిశీలన

వర్గద్వేషం మనిషికి పుట్టుకతో వస్తుందా, పరిస్థితుల వల్ల పెరుగుతుందా? సాంఘిక మనోవిజ్ఞానంలో ఈ ప్రశ్నను ప్రయోగపూర్వకంగా పరీక్షించిన వారిలో ముజఫర్ షరీఫ్ ముఖ్యులు. 1906లో తుర్కీలోని ఓదెమిష్‌లో జన్మించిన ఆయన, 1919లో గ్రీకు సైన్యం ఇజ్మీర్‌లో దిగినపుడు జరిగిన హత్యాకాండను బాల్యంలోనే చూశారు.

1954లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, ఒకరినొకరు ఎరుగని 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి ఒక శిబిరంలో ఉంచారు. బహుమతుల కోసం పోటీలు పెట్టగానే తిట్లు, జెండాల దహనం మొదలయ్యాయి. ఒకేచోట భోజనం పెట్టినా వైరం తగ్గలేదు. నీటి సరఫరా ఆగిపోవడం వంటి, ఇరువురూ కలిసి పనిచేయక తప్పని సందర్భాలు వరుసగా ఎదురైన తరువాతనే స్నేహం చిగురించింది. ఇటువంటి లక్ష్యాన్ని తెలుగులో ‘ఉమ్మడి లక్ష్యం’ అంటే చాలదు. ఏ జట్టూ ఒంటరిగా సాధించలేనిదనే అర్థం రావాలి.

అయితే పద్ధతిని కూడా పరిశీలించాలి. ఆ ఆటంకాలు పరిశోధకులు కల్పించినవే. 1953 నాటి శిబిరంలో, ముందుగానే పరిచయమైన బాలురు పరస్పరం శత్రువులు కాలేదు. ఆ ప్రయోగం మధ్యలోనే ఆగిపోయింది. ప్రసిద్ధి మాత్రం 1954 ప్రయోగానికే దక్కింది. ద్వేషానికి కారణాలు వెతికేవారు, ద్వేషం పుట్టని చోటును సైతం లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.