జంట మాటల వెనుక చరిత్ర

పరీక్ష కాగితంలో పిల్లలు "రిటర్న్ బ్యాక్" అని వ్రాస్తే ఎర్ర గీత పడుతుంది. రిటర్న్ అన్న మాటలోనే 'వెనక్కి' ఉన్నది గదా! "పిన్ నంబర్" సంగతీ అంతే. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఆ గీత తప్పని అనను. కాని అధికంగా కనిపించే మాటలన్నీ అజ్ఞానంవల్ల పుట్టినవి కావు.

1066లో నార్మన్ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాడు. ఆ తరువాత చాలాకాలం దొరల నోట ఫ్రెంచి, రైతుల నోట ఇంగ్లీషు, చర్చి వ్రాతల్లో లాటిను. న్యాయస్థానాల్లో వాదనలు కూడ ఫ్రెంచిలోనే సాగేవి. పాపం, కక్షిదారుకు తన వ్యాజ్యమే అర్థమయ్యేది కాదు. ఈ కారణం చెప్పి, వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో మూడవ ఎడ్వర్డు కాలంలో శాసనం చేశారు. విడ్డూరమేమంటే, ఆ శాసనాన్ని వ్రాసింది ఫ్రెంచిలో!

ఇన్ని భాషల మధ్య వకీళ్లు ఇంటి మాట పక్కన దొరల మాట చేర్చారు. "విల్ అండ్ టెస్టమెంట్"లో మొదటిది ఇంగ్లీషు, రెండవది లాటిను సంతతి. "గూడ్స్ అండ్ చాటెల్స్"లో రెండవది ఫ్రెంచి నుంచి వచ్చింది. పశువులను చెప్పే 'క్యాటిల్' దాని తోబుట్టువే. అన్ని జంటలూ ఇలాంటివి కావు. "నల్ అండ్ వాయిడ్" రెండూ ఫ్రెంచి దారినే వచ్చాయి. అక్కడ పనిచేసింది వకీలు జాగ్రత్త, కొంత చెవికి ఇంపు.

మన మలేసియా పాస్‌పోర్టు తెరిచి చూడండి. "లెట్ ఆర్ హిండ్రెన్స్" లేకుండా మనల్ని పోనివ్వమని అందులో ఉంటుంది. ఇక్కడ లెట్ అంటే అనుమతి కాదు, అడ్డంకి. ఆ పాత అర్థం టెన్నిసు ఆటలో ఇంకా బ్రతికి ఉన్నది.

ఇంగ్లండులోనే పెండిల్ హిల్ అనే కొండ ఉన్నది. 'పెన్' అంటే పూర్వపు బ్రిటన్‌వాసుల భాషలో కొండ. తరువాత వచ్చినవారు తమ 'హిల్' చేర్చారు. అది అరిగిపోయాక మళ్లీ హిల్ తగిలించారు. కొండ కొండ కొండ!

ఇది తెలియని మన పిల్లలు, నాయనమ్మ "గేటు తలుపు వెయ్యరా" అంటే నవ్వుతారు. నవ్వు చిన్నదే, కాని దానికి జంకి ఇంట్లో తెలుగు మానేసిన పెద్దలను నేనెరుగుదును. నాకది బాధ. ఆ గేటు తలుపు పెండిల్ హిల్‌కు ఏమి తీసిపోయింది? "సిగ్గూ లజ్జా" అంటాము: ఒకటి తెలుగు, ఒకటి సంస్కృతం. "పేరు ప్రతిష్ఠలు" కూడ అంతే. కడ అన్నది రెండుసార్లు పలికి "కట్టకడ" చేసుకున్నాము, వ్యాకరణం దాన్ని ఆమ్రేడితమని గౌరవించింది.

మా సాయంకాలపు తరగతిలో ఇలాంటి జంటలను పెద్దల నోట విని వ్రాసుకు రమ్మంటున్నాను. మొన్న ఒక అబ్బాయి తాతగారి పాత భూమి దస్తావేజు తెచ్చాడు. అందులో "హక్కు భుక్తములు" అని ఉన్నది. హక్కు అరబ్బీ నుంచి వచ్చింది, భుక్తము సంస్కృతం. మన వకీళ్లూ అదే పని చేశారన్నమాట.