ఎండకాచిన మంచినీరు

ఉమ్ ఘువైలినాలో కుళాయి తిప్పితే వచ్చేది ఉప్పు తీసేసిన సముద్రపు నీరే. ఈ మాట చెబితే మన ఊళ్ళ నుంచి చూడవచ్చిన పెద్దవాళ్ళు గ్లాసు దించి ఒకసారి అనుమానంగా చూస్తారు. ఇక్కడ నది లేదు, చెరువు లేదు, వాన ఏడాదికి సుమారు 80 మిల్లీమీటర్లు. మరి చమురు రాకముందు ఇక్కడి వాళ్ళు ఏం తాగారు? బావుల నీళ్ళు, అవీ చాలాచోట్ల ఉప్పగిల్లినవే. ముత్యాల వేటకు వెళ్ళినవాళ్ళు బహ్రెయిన్ దగ్గర సముద్రం అడుగున ఊరే మంచినీటి ఊటలలోకి మునిగి తోలుతిత్తులు నింపుకొనేవారు. నీళ్ళ మధ్య నీళ్ళకోసం మునగడమన్నమాట.

అయితే మేము చెప్పదలచింది ఈ పెద్ద కర్మాగారాల సంగతి కాదు, వాటి పేద చుట్టం సంగతి. నల్లరంగు పూసిన లోతులేని తొట్టి, అందులో నాలుగు వేళ్ళ ఎత్తు ఉప్పునీరు, పైన ఏటవాలుగా గాజుపలక. ఎండకి నీరు ఆవిరై, చల్లని గాజుకు తగిలి, చుక్కలై జారి గాడిలోకి చేరుతుంది. ఉప్పు అడుగునే ఉంటుంది. సారా బట్టీ చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. పొయ్యి బదులు సూర్యుడు, అంతే. సముద్రపు నీటి ఆవిరి తియ్యని నీరవుతుందని అరిస్టాటిల్ నాడే రాసి పెట్టాడు.

దీన్ని ఊరంత పెద్దది చేసింది చార్లెస్ విల్సన్ అనే స్వీడన్ ఇంజనీరు. 1872లో చిలీ దేశపు అటకామా ఎడారిలో, లాస్ సాలినాస్ అనేచోట, సురేకారం గనుల కోసం కట్టాడు. అక్కడి బావినీటిలో సముద్రంకంటే నాలుగు రెట్ల ఉప్పు. కొయ్యతొట్లు, గాజుకప్పులు, మొత్తం నాలుగున్నర వేల చదరపు మీటర్లకు పైగా పరిచి, రోజుకు 20 వేల లీటర్లకు మించి మంచినీరు తీశాడు. మనుషులూ, బరువులు మోసే కంచరగాడిదలూ ఆ నీరే తాగారు. అది సుమారు 40 ఏళ్ళు నడిచింది. ఇప్పటి యంత్రాలలో ఎన్ని అన్నాళ్ళు నడుస్తాయి?

మరి ఇంత సులువైనది దోహాకు ఎందుకు పనికిరాలేదు? లెక్క చూడండి. ఇక్కడి మంచి ఎండ చదరపు మీటరుకు రోజుకు 6 యూనిట్ల వేడి ఇస్తుందనుకుందాం. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు మూడింట రెండు యూనిట్లు కావాలి. అంటే 9 లీటర్లు రావాలి. చేతికి వచ్చేది 3, 4 లీటర్లే. పైగా ఆవిరి గాజుమీద నీరయ్యేటప్పుడు వదిలే వేడి అంతా గాలిలో కలిసిపోతుంది. పెద్ద కర్మాగారం ఆ వేడినే పట్టుకుని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. 1949 చివర చమురు ఎగుమతి మొదలయ్యాక కతార్ ఆ దారే పట్టింది. తరువాత పొరలలోంచి నీటిని వత్తి తీసే పద్ధతి వచ్చింది. దాన్ని సాధ్యం చేసిన పొరను 1960 ప్రాంతాన కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్‌తో కలిసి తయారుచేసినవాడు మన దేశస్థుడు శ్రీనివాస సౌరీరాజన్. ఆ పేరు మన పిల్లల పాఠాలలో కనబడదు.

గాజుపెట్టె గెలిచిన చోటు ఇంకొకటుంది: నడిసముద్రం. ఈ గల్ఫు నీటిలో లీటరుకు 40 గ్రాములకు పైగా ఉప్పు. మన మూత్రపిండం లీటరు మూత్రంలో 20 గ్రాములకు మించి బయటకు పంపలేదు. కాబట్టి లీటరు తాగినవాడు రెండు లీటర్లు పోగొట్టుకుంటాడు. దాహం తీరకపోగా ప్రాణం మీదికి వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధంలో పడవ మునిగిన నావికుల కోసం మరియా టెల్కెస్ అనే హంగేరీ సంతతి శాస్త్రవేత్త, గాలి ఊదితే ఉబ్బే ప్లాస్టిక్ బట్టీ తయారుచేసింది. అందులోంచి వచ్చేది కొద్ది నీరే, కానీ అక్కడ ఆ కొద్దే చాలు.

మన దేశంలో ఈ పనికి పుట్టిల్లు భావనగర్. 1954లో అక్కడ కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఏర్పడింది. 1978లో దగ్గరలోని అవానియా గ్రామంలో రోజుకు 5,000 లీటర్ల కోసం గాజుబట్టీల వరుసలు కట్టారు.

ఇంతకీ మాకు ఈ విషయం మీద ఆసక్తి ఉప్పు వల్ల కలగలేదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వర్ణించారు. మేము వైద్యం చదివేటప్పుడు పుస్తకంలో కనబడిన మన జిల్లా పేరు అదే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలూ, నల్గొండ జిల్లా గ్రామాలూ వంగిన వెన్నులకు పేరుపడ్డాయి. బట్టీలో ఫ్లోరైడు కూడా ఉప్పులాగే అడుగున ఉండిపోతుంది. అయిదుగురున్న ఇంటికి తాగడానికీ వండడానికీ రోజుకు 15 లీటర్లు చాలనుకుంటే, నాలుగయిదు చదరపు మీటర్ల గాజు కావాలి. మిద్దె మీద రెండు మూడు మంచాలంత చోటు. వానాకాలంలో అదే గాజుమీద పడ్డ నీటిని కూడా పట్టుకోవచ్చు. నీరు చప్పగా ఉంటుంది, నిజమే.

అయినా ఈ పెట్టెలు ఎందుకు నిలబడవని అడిగితే, విజ్ఞానశాస్త్రంలో లోపం వల్ల కాదని మా అభిప్రాయం. దుమ్ము పడితే గాజు తుడవాలి, అతుకులు విడితే పూయాలి, పేరుకున్న ఉప్పు కడిగి పారబోయాలి. నీళ్ళు మోసే ఇల్లాలి మీదనే ఇది కూడా పడుతుంది. చిలీలో ఆ పని చేయడానికి జీతగాళ్ళు ఉన్నారు.