రేడియేటర్ విప్పే ముందు దాని కథ వినండి

మే నెలలో నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే బానెట్ ఎత్తి ఆపిన కారు ఒకటైనా కనబడుద్ది. యూట్యూబ్ చూసి రేడియేటర్ ఇంటిదగ్గరే విప్పేద్దాం అనుకునేవాళ్లూ పెరిగారు. విప్పొచ్చు. కానీ అందులో ప్రతి జాగ్రత్త వెనకా ఒక చరిత్ర ఉంది.

1886 నాటి కార్ల్ బెంజ్ బండిలో నీళ్లు మరిగి ఆవిరైపోయేవి, మళ్లీ పోసుకోవాల్సిందే. 1900లో విల్‌హెల్మ్ మేబాఖ్ 8 వేల పైచిలుకు సన్న గొట్టాలతో తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. 9 లీటర్ల నీళ్లు సరిపోయాయి. తర్వాత ప్రెజర్ మూత వచ్చింది. అది ప్రెజర్ కుక్కర్ లాంటిదే. లోపల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. వేడి మీద మూత తిప్పారా, ఒక్కసారిగా మరిగి ముఖాన కొడతాయి. అందుకే రాత్రంతా బండి ఆపి, పొద్దున్నే గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి.

రెండోది ఫ్యాన్. అంబాసిడర్‌లో ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతో తిరిగేది. ఇంజిన్ ఆపితే అదీ ఆగేది. 1983లో మారుతి 800 వచ్చాక కరెంటు ఫ్యాన్లు మామూలైపోయాయి. ఇంజిన్ ఆపినా అవి తిరగొచ్చు. కాబట్టి ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసెయ్యండి.

మూడోది మన నీళ్లు. జగ్గయ్యపేట స్తూపం మీది మాంధాత శిల్పం సున్నపురాయే, ఇప్పుడు చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉంది. ఈ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు పిండి చేసేదీ సున్నపురాయే. ఆ సున్నమే బోరు నీళ్లలో కరిగి, రేడియేటర్ గొట్టాల్లో గట్టిగా పేరుకుంటుంది. మళ్లీ నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ వాడండి.

ఇక పని. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, కింద టబ్బు పెట్టి కూలెంట్ దించండి. పాత కూలెంట్ కాలవలో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు తాగితే కిడ్నీలు పోతాయి. తర్వాత హోస్ క్లిప్పులు, ఫ్యాన్ ప్లగ్, బోల్టులు తీసి నిటారుగా పైకి ఎత్తండి. ముందున్న ఏసీ పైపు మాత్రం విప్పొద్దు, అందులో గ్యాస్ ప్రెజర్ మీద ఉంటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరొద్దు.

పాత అంబాసిడర్ రాగి, ఇత్తడి రేడియేటర్ కారితే మెకానిక్ టంకం పెట్టేవాడు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకులకి ఆ వైద్యం పనిచెయ్యదు. ట్యాంకు పగిలితే చాలాసార్లు మార్చడమే. మీ ఊళ్లో టంకం పెట్టే పాత షాపు ఇంకా ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి.